బ్రేకుకి తలంటు

ఆముదం. ఇది ఆముదం వాసనే, సందేహం లేదు. నెల తప్పినప్పటి నుంచి నా ముక్కుకి తెలియని వాసన లేదు. వీధి చివర ఎవరింట్లో పోపు పెట్టినా అది ఆవపోపో మెంతిపోపో మంచం మీంచే చెప్పేస్తున్నాను, మా అత్తగారు ముక్కున వేలేసుకుంటున్నారు. కానీ నడి గోదాట్లో ఆముదం ఏమిటి? దీపం లేదు, పట్టపగలు. నా తలకి రాసింది కొబ్బరినూనె. నా తల ఒళ్లో పెట్టుకున్న నర్సు జ్ఞానమ్మ ఆదివారం తప్ప నూనె ముట్టదు. వాసన కింద నుంచి వస్తోంది, నేను పడుకున్న ఈ తోలు సీటు కింద నుంచి, మోటారు పొట్టలోంచి. చిట్టియ్య ముందు కూర్చుని బ్రేకు కడ్డీ పట్టుకుని ఉన్నాడు కదా, వాడికి తెలియదా? అడగాలి. ఉండు, ఉండు, వచ్చేస్తోంది, నడుం దగ్గర మొదలైంది, ముందుకి పాకుతోంది, జ్ఞానమ్మా నీ చెయ్యేదీ, ఇలా ఇయ్యి, విరిగినా సరే ఇయ్యి. అమ్మా. అమ్మా. అమ్మయ్య, పోయింది. గాలి ఎంత చల్లగా ఉందో! నొప్పి వదలగానే ఇంత హాయిగా ఉంటుందని ఒక్కరూ చెప్పరేం? అందరూ భయపెట్టేవాళ్లే. నాకైతే ఇవాళ భయం కంటే సంబరమే ఎక్కువగా ఉంది, ఎవరేమైనా అనుకోనీ. రెండు పడవలు కలిపి చెక్కలు పరిచిన పంటు, పంటు మీద మోటారు, మోటారులో నేను, నా కడుపులో బిడ్డ, ఒకరిలో ఒకరం సర్దుకుని గోదావరి దాటుతున్నాం.

పెళ్లాం పురిటి కోసం చంద్రరావు మోటారు కొన్నాడట, రేపు పిల్ల పెళ్లికి రైలు కొంటాడు కాబోలు అని నవ్వుకున్నారు ఊళ్లో. నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుంది. మొదటిసారి ఎడ్లబండిలో నేనెలా వెళ్లానో వాళ్లకేం తెలుసు? ముక్తేశ్వరం రేవుకి వచ్చేసరికే ఎండ నెత్తికెక్కింది. పంటు అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చి, మేమెక్కి, కోటిపల్లిలో దిగి, మళ్లీ ఎడ్లు, ఎడ్లకి నీళ్లు, ఎడ్లకి గడ్డి, లోకంలో ఏ ఎద్దుకీ తొందర లేదు. కోటిపల్లి గట్టెక్కి అవతలికి దిగుతున్నాం. అంతదాకా తంతూనే ఉన్న బిడ్డ అక్కడ ఆగిపోయింది. బండివాడు హై హై అంటూనే ఉన్నాడు, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, నా చెయ్యి కడుపు మీదే ఉంది, చేతి కింద ఏమీ లేదు. నేనెవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందనుకున్నాను. కాకినాడ ఆసుపత్రిలో డాక్టరు దొరసాని వాణ్ణి గుడ్డలో చుడుతూ, ఒక్క పూట ముందు తెచ్చి ఉంటే బతికేవాడమ్మా అంది, వచ్చీరాని తెలుగులో. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడిపోయారు. ఏడాది తిరక్కుండా మద్రాసు ఓడలో వచ్చి, కాలవ పడవ మీద మా ఊళ్లో మోటారు దిగింది. ఈ బిడ్డ కూడా అడ్డంగా ఉందని దొరసాని ఏడో నెలలోనే చెప్పేసింది. మొదటి నొప్పికే బయల్దేరమంది, ఆలస్యమైతే ఈసారి ఇద్దరికీ పూచీ లేదంది, తోడుండమని తన నర్సు జ్ఞానమ్మని మా ఇంటికి పంపేసింది. మొదటి నొప్పి ఇవాళ పొద్దున్నే వచ్చింది. రెండో నొప్పికి నేను మోటారులో ఉన్నాను. ఎడ్లు పూటంతా లాగిన దారిని ఇది చుట్ట కాల్చినంతసేపట్లో మింగేసింది. అదీ నా మోటారంటే!

మోటారనగానే అందరూ పరుగే చూస్తారు. నేను బ్రేకు చూస్తాను. మా ఆయన నాకు తోటలో నడపడం నేర్పారు, కూలీలు రాకముందు, అత్తగారు పూజలో ఉన్నప్పుడు. నేర్పారు అనడం ఆయన మాట. నేను తిన్నగా తీసుకెళ్లి గడ్డిమేటులో దూర్చాను. ఆయన దులుపుకుంటూ నవ్వుతుంటే చిట్టియ్య మాత్రం నవ్వలేదు. "పరిగెట్టడం గేదెకీ వచ్చండమ్మగారూ, ఆపడవే మనిసి పనండి" అన్నాడు. మద్రాసులో దొర దగ్గర పని నేర్చుకుని వచ్చాడు, ఆ గొప్ప వాడికుంది, ఉండనీ. రోజూ పొద్దున్నే కింది చెక్క ఎత్తి బ్రేకు చూస్తాడు. నేనూ వెళ్లి చూసేదాన్ని, కడుపు అడ్డొస్తున్నా వంగి మరీ. కవ్వానికి తాడు చుట్టి లాగితే కవ్వం తిరుగుతుందా, ఇక్కడ దానికి తిరగబడి ఉంటుంది వ్యవహారం. ఇంజను దగ్గర్నుంచి వచ్చే ఇరుసు మీద డోలు లాంటి ఇనప చక్రం గిరగిరా తిరుగుతుంటే, కాలితో తొక్కగానే తోలు పట్టీ దాన్ని చుట్టేసి బిగబట్టి ఆపేస్తుంది. చేత్తో లాగే కడ్డీ వెనక చక్రాల్ని పట్టుకుంటుంది. ఆ తోలు మహా పెంకిది. అరిగితే కాలి తొక్కుడు నేలదాకా పోతుంది, కడ్డీల మరలు బిగించుకోవాలి. వానలో తడిస్తే జారుతుంది. గట్టు దిగేటప్పుడు అదే పనిగా తొక్కితే కమిలి కంపు కొడుతుంది. ఒక చక్రం ముందు పట్టి రెండోది తర్వాత పడితే బండి మూతి కాలవ వైపు తిప్పుతుంది, అత్తగారి మాట విన్న కోడల్లాగ. దుమ్ము చేరితే కీచుమని అరుస్తుంది. ఆ అరుపు విని ఊళ్లో కుక్కలన్నీ పారిపోతే, చిట్టియ్య మురిసిపోతాడు. "అరుత్తందంటే పట్టుకుంటందన్నమాటేనండి" అంటాడు. నాకూ ఆ అరుపంటే ఇష్టం. నేను తొక్కితే అంత పెద్ద ఇనుము నా మాట విని ఆగుతుంది, ఇంట్లో నా మాట అలా వినేది ఇంకేదీ లేదు.

పొద్దున రేవులో కూడా అరిచింది. పంటు మీదకి దిగుతుంటే అరిచిన అరుపుకి పడవలవాళ్లు చెవులు మూసుకున్నారు. ఆడవాళ్లు పాపం పాపం అన్నారు, నన్నే అంటున్నారనుకున్నాను. తర్వాత చిట్టియ్య ఇంజనుకి నీళ్లు తేవడానికి కుండ పట్టుకుని వెళ్లాడు, మా ఆయన పంటు కదల్చమని దాన్ని నడిపే సరంగు పల్లంరాజు మీద కేకలేస్తున్నారు, నాకు నొప్పి వచ్చి కళ్లు మూసుకున్నాను, జ్ఞానమ్మ ప్రార్థనలో కళ్లు మూసుకుంది. ఆ కాసేపట్లో ఎవరివో పసుపు చేతులు, గిన్నెల చప్పుడు, గోదారమ్మ తల్లీ అని ఎవరో అనడం, మోటారు కింద ఎవరో దూరడం, అంతా విన్నట్టే ఉంది, కలలో విన్నట్టే ఉంది. కొత్త పడవని నీళ్లలోకి దించేముందు వీళ్లు దానికి పసుపు రాసి ఆముదం పోసి తలంటుతారు. మా పుట్టింటివాళ్లు లాంచీ పడవ దించినప్పుడు చూశాను, ఒక్క చెక్క పొడిగా మిగల్చరు. అలా చెయ్యకపోతే గోదారమ్మ కొత్త పడవని తన దగ్గరే ఉంచేసుకుంటుందట. పడవని. పడవని కదా? ఓరి దేవుడా! ఈ పంటు మీదకి మోటారు ఎక్కడం ఇదే మొదలు.

"చిట్టియ్యా! ఆముదం!" అని నేను అరవడమూ, గాలి ఒక్క తోపు తోసి పంటు ఒరగడమూ ఒక్కసారే అయ్యాయి. మోటారు కదిలింది. నేను పడుకునే ఉన్నాను, ఆకాశం పక్కకి జరిగింది. చక్రాల కింద పెట్టిన చెక్క ఒకటి టక్కున ఎగిరి నీళ్లలో పడింది. "బ్రేకు లాగే ఉందండి బాబూ! లాగే ఉందండి!" అని చిట్టియ్య గొంతు, అలాంటి గొంతు వాడికుందని నాకు తెలియదు. మా ఆయన చక్రానికి భుజం పెట్టేశారు, పట్టుపంచె కట్టుకున్న మనిషి. పడవవాళ్లు నలువైపుల నుంచీ వచ్చి మోటారుని కావలించుకున్నారు. పంటు మళ్లీ సర్దుకుంది. ఆకాశం తన చోటికి వచ్చింది. మూరెడు. ఇంకో మూరెడు జారి ఉంటే మేమందరం పులస చేపలతో సంసారం చేస్తూ ఉండేవాళ్లం. నాకు నవ్వొచ్చింది, నవ్వుతుంటేనే నొప్పొచ్చింది, నవ్వూ ఏడుపూ కలిసి ఏదో కూత కూశాను, మా ఆయన ముఖం కిటికీలో తెల్లగా కనిపించింది.

"మేవే పోసేవండమ్మగోరూ" అన్నాడు పల్లంరాజు, ఎంత సంతోషంగా అన్నాడో, మెచ్చుకుంటామనుకున్నాడు. "గొంతెండిపోయి అరుత్తందండి పాపం, నోరున్నోళ్లకి దాహం ఏత్తే మంచినీళ్లు ఇయ్యవా? ఎనక చక్రాల్లోనీ, కింద తోలుకీ, ఎక్కడ గుప్పెడు సందు కనిపిత్తే అక్కడ పోసేవండి. మా ఆడోళ్లు గానుగ ఆముదం తెచ్చేరండి, కల్తీ లేదు." చిట్టియ్య నెత్తి బాదుకున్నాడు. "ఓరి నీ దుంపతెగ, బండి ఇరుసుకి కందెన పెట్టాలి గానీ బ్రేకుకి ఎవడైనా పెడతాడేంట్రా! జారకుండా పట్టుకునేదాన్నే జారేలాగ చేసేవు కదరా!" పల్లంరాజు తలపాగా ఊడదీశాడు. నిలువెత్తు మనిషి, దాంతో కళ్లొత్తుకున్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదంటే నమ్మండి. తలంటి పంపారు నన్ను, పుట్టింటివాళ్లలాగ. కానీ కోటిపల్లి గట్టు. అయ్యో కోటిపల్లి గట్టు! ఎక్కడం ఎలాగో ఎక్కుతుంది, ఇంజను బలం ఉంది. అవతల దిగుడు నిటారు, దిగుడు కాళ్ల దగ్గరే కాలవ, దారి అక్కడ చటుక్కున కుడికి తిరిగి వంతెనెక్కుతుంది. బ్రేకు పట్టకపోతే తిన్నగా కాలవలోకే. "ఒకటో గేరులో పెట్టినా ఈ బరువుకి ఆగదండి" అంటున్నాడు చిట్టియ్య. పెట్రోలుతో కడగాలట, మద్రాసులో అలాగే కడుగుతారట, ఉన్న పెట్రోలు కాకినాడకి చాలీచాలనంత. "ఆగుదాం ఒడ్డున" అంటున్నారు మా ఆయన. ఆగడమా? పోయినసారీ ఆగాం.

మగవాళ్లంతా ఆ బ్రేకు వంక చూస్తూ నిలబడ్డారు, చచ్చిన పాముని చూసినట్టు. నాకు ఒళ్లు మండింది. "ఏవండీ, మీకెప్పుడూ ఎవరూ తలంటలేదా?" అన్నాను. నాకు మతి పోయిందనుకున్నారు. "తలకి పట్టిన ఆముదం దేంతో వదుల్తుందండీ? మీ అమ్మగారు మీ తల బండకేసి రుద్దలేదా చిన్నప్పుడు? నా మూట విప్పండి! కుంకుళ్లున్నాయి, సున్నిపిండి ఉంది, పురిటి నీళ్లకని అత్తగారు కట్టారు!" అంతే. చూడాలి అప్పుడు! పల్లంరాజు పొయ్యి మీద అన్నానికి పెట్టిన ఎసరు దింపేశాడు. కుంకుళ్లు నలక్కొట్టి ఆ వేడినీళ్లలో పోశారు, నురగ పొంగింది. చిట్టియ్య చెక్క ఎత్తి తలకిందులుగా దూరాడు, వాడి కాళ్లు మాత్రమే బయట ఆడుతున్నాయి. ఇద్దరు పడవవాళ్లు వెనక చక్రాల దగ్గర సున్నిపిండి అద్ది కొబ్బరిపీచుతో తోముతున్నారు. "చెవుల వెనక తోమండ్రా!" అని ఎవడో అన్నాడు, అందరూ గొల్లున నవ్వారు, అంత భయంలోనూ. నేనూ నవ్వాను. కుంకుడు నురగ పంటు చెక్కల మీంచి గోదాట్లోకి కారుతోంది. నా సీటు కింద నా పురిటి స్నానం జరిగిపోతోంది, నాకంటే ముందు మోటారుకి. మళ్లీ నొప్పి, ఈసారి పెద్దది, దీని వెనకాలే ఇంకోటి, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు. జ్ఞానమ్మ నా చీర సర్దుతూ ఆగిపోయింది. వెచ్చగా తడి. "ఉమ్మనీరు పోయిందండమ్మగారూ" అంది మెల్లిగా, ఆ మెల్లిగా అనడంలోనే నాకంతా తెలిసింది. అడ్డంగా ఉన్న బిడ్డ, నీళ్లు లేకుండా. "ఆరబెట్టండి!" అని అరిచాను. "తడిస్తే కూడా పట్టదు అది! పొయ్యిలో బూడిద తీసి చల్లండి, నా పాత చీరలు చింపండి, తుడవండి, తుడవండి!" నా చీరలు పర్రుమని చిరుగుతున్న చప్పుడు ఎంత బాగుందో.

పంటు ఒడ్డుకి తగిలింది. ఇంజను తిప్పారు, గర్రుమంది, ఎక్కాం, చెక్కల మీంచి ఇసకలోకి, ఇసకలోంచి గట్టుకి, పడవవాళ్లందరూ వెనక నుంచి హైలెస్సా అని తోస్తున్నారు, పడవ నెట్టే పాటే పాడుతున్నారు మోటారుకి కూడా. గట్టు మీద ఆగింది. ఇంజను ఆగిందో బ్రేకు పట్టిందో చిట్టియ్యకీ తెలియదు. "లోవా, నువ్వు దిగు, నిన్ను మంచం మీద కిందికి దింపిస్తాను, బండి ఎలా దిగుతుందో చూద్దాం" అన్నారు ఆయన, లోవలక్ష్మి అని పూర్తిగా పిలిచే ఓపిక కూడా లేదు పాపం. జ్ఞానమ్మ గొంతు పెంచింది, ఇన్ని నెలల్లో మొదటిసారి. "ఆవిడ్ని లేవనెత్తడానికి వీల్లేదండి. లేపితే బొడ్డు తాడు జారుద్దండి. పోతే ఇలాగే పోవాలండి." సరే. ఇంకేం? పల్లంరాజు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "అమ్మగోరూ, పంటు కట్టే మోకు ఎనక కట్టేవండి. మా చేతులు తెగినా వదలవండి" అన్నాడు. "వదలకు" అన్నాను. "కానీ లాగకు, బ్రేకు పడితే పట్టనీ." ఎందుకలా అన్నానో. ఆ తొక్కుడు మీద నా కాలు లేదు గానీ ఉన్నట్టే ఉంది, కుడి అరికాలు చిట్టియ్య అరికాలితో కలిసి వంగుతోంది. మా ఆయన కిందికి పరిగెత్తి మలుపులో కాలవ ఒడ్డున నిలబడ్డారు. అక్కడ నిలబడి ఏం చేస్తారు? మోటారొచ్చి మీద పడితే ఆపుతారా? ఆపుతారు, ఆ మనిషి ఆపుతారు, అందుకే నాకు ఏడుపొచ్చింది.

దిగుతోంది. నా తల కిందికి వాలింది, సీటు మీంచి జారుతున్నాను, జ్ఞానమ్మ నన్ను వాటేసుకుంది. గాలి వేగం పెరిగింది. వేగం పెరగకూడదు. చిట్టియ్యా తొక్కు. తొక్కాడు. ఏమీ లేదు. జారుతోంది, చప్పుడు లేకుండా వెన్న జారినట్టు జారుతోంది, చెట్లు పైకి పోతున్నాయి, అమ్మా, మెల్లిమెల్లిగా తొక్కరా, వదిలి మళ్లీ తొక్కు, కాస్త వేడెక్కితే మిగిలిన జిడ్డు కాలుతుంది, ఇదేదో నేను గట్టిగానే అన్నట్టున్నాను, లేకపోతే వాడికే తెలుసు, వదిలి తొక్కాడు, వదిలి తొక్కాడు, మాడిన ఆముదం కంపు, పొగ, నా కళ్లు మండుతున్నాయి, ఇంకోసారిరా, నా తండ్రీ, ఇంకోసారి. కీచుమంది! గోదావరి రెండు ఒడ్లకీ వినపడేలా కీచుమంది! వెనక అద్దంలోంచి తాడు కనిపిస్తోంది, పల్లంరాజు మనుషులు ఒళ్లు వెనక్కి వాల్చి నిలబడ్డారు గానీ మోకు బిగుసుకోలేదు, వదులుగా ఊగుతోంది. బ్రేకే పట్టింది. బ్రేకే! మోటారు మలుపులో మా ఆయన ముందు, ఆయన చాచిన చేతులకి ఇంత దూరంలో ఆగిపోయింది.

అంతా అరుస్తున్నారు. చిట్టియ్య స్టీరింగు చక్రం మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. గట్టు మీంచి పడవవాళ్లు దొర్లుకుంటూ వస్తున్నారు, పల్లంరాజు మోటారు మూతికి మొక్కుతున్నాడు, ఎవరో మా ఆయన్ని ఎత్తేస్తున్నారు, మా ఆయన నవ్వుతున్నారు. నాకా చప్పుడేదీ వినబడలేదు. ఇదే చోటు. అప్పుడు ఎడ్లబండి గట్టు దిగిన చోటు. నా చెయ్యి కడుపు మీదుంది. ఏమీ లేదు. ఎంతసేపటి నుంచి లేదు? పంటు మీద ఉందా? ఉంది, నవ్వినప్పుడు ఉంది. గట్టెక్కేటప్పుడు? తెలియదు, బ్రేకు బ్రేకు అని బిడ్డనే మర్చిపోయాను, ఛీ, నేను తల్లినేనా? చెయ్యి పక్కకి జరిపాను. నొక్కాను. జ్ఞానమ్మ నా ముఖం చూసి తన చెయ్యి కూడా పెట్టింది, కళ్లు మాత్రం మూసుకోలేదు ఈసారి. మా ఆయన నవ్వు ఆపేసి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఏమైందే అని పెదాలు కదిలాయి. చెప్పను. పోయినసారీ చెప్పలేదు. లేదు, ఈసారి చెప్తాను, "ఏవండీ, కదలట్లేదండీ" అన్నాను పైకి, అందరూ వినేలా. కాలవలో నీళ్ల చప్పుడు ఒక్కటే. ఆయన తలుపులోంచి వంగి తన చెయ్యి నా చేతి మీద పెట్టారు, ఆ చేతికి మసీ ఆముదమూ సున్నిపిండీ అంటుకుని ఉంది. అప్పుడు, ఆ చెయ్యి బరువుకో దేనికో, లోపల్నుంచి మడమో మోకాలో, ఒక్క తన్ను తన్నింది. ఆయన చెయ్యి ఎగిరిపడేలా తన్నింది.

"ఎందుకాపారండీ!" అని గొంతు చించుకుని అరిచాను. "పోనియ్యండి! చిట్టియ్యా, పోనియ్యరా!"